చంక దిగని పిల్ల

"తలుపు తియ్యమను మాధవీ. తియ్యకపోతే మేమే తీత్తాం."

ఊళ్లో జీపు నడిపే మంగరాజు ఆ మాట అరిచి చెప్పలేదు. మామూలుగా అన్నాడు. అందుకే మాధవికి ఇంకా భయమేసింది.

వాకిలి నిండా జనం. పొద్దున తను కుళాయి దగ్గర బిందె నింపుకుని వచ్చేసరికి అరుగు మీద ఆడుకుంటున్న సుక్రి లేదు. పసుపు చేను, కోళ్ల గూడు, కాఫీ తోటలోకి పోయే బాట, అన్నీ వెతికారు. మాధవి భర్త ధర్మ ఇంకొందరు మగాళ్లతో కలిసి గెడ్డ వెంట దిగువకి వెళ్లాడు. గెడ్డలో నీళ్లు మోకాలి లోతే. రెండేళ్లు నిండని పిల్లకి ఆ లోతు చాలు.

వెళ్లనివాళ్లందరూ ఇప్పుడు వసారా చివరి గది వైపు చూస్తున్నారు. అది ప్రసన్న అద్దెకున్న గది. లోపల గడియ వేసుంది.

"ఫోన్లో వచ్చింది నువ్వూ ఇన్నావు గదా," అన్నాడు మంగరాజు. "పిల్లల్ని ఎత్తుకుపోయేవోళ్లు సదువుకున్న ఆడోళ్లలాగ వత్తారంట. పిల్లలకి బొమ్మలిచ్చి మాలిమి సేసుకుంటారంట. ఈవిడ ఇచ్చినాదా లేదా బొమ్మలు?"

"ఇచ్చింది. అంగన్‌వాడీలో, అందరి ముందరా ఇచ్చింది."

"తల్లుల్ని బయటికి పంపేసి, పిల్లలు ఏడుత్తుంటే వీడియోలు తీసింది. ఏడిపించి తీసుకోడానికి ఆవిడకేటి పని? మా గుంటడు ఆ రోజంతా ఎక్కిళ్లు పెట్టినాడు."

"నీ పెళ్లాం తలుపు అవతలే ఉంది గదా బావా. సరేనంటేనే గదా తీసింది."

"అప్పుడు పిల్ల పోనేదు," అన్నారు వెనకనుంచి ఎవరో. "ఇప్పుడు పోయింది."

అరుగు చివర మాధవి మామ బుధు ముడుచుకు కూర్చున్నాడు. చేతిలో చుట్ట ఆరిపోయింది. మళ్లీ వెలిగించుకోలేదు. సుక్రి అతని చిన్నకొడుకు ఫల్గుణ కూతురు. ఫల్గుణ సముద్రం ఒడ్డున రొయ్యల కంపెనీలో ఉన్నాడు. వాడి పెళ్లాం కనక తెల్లారకముందే అల్లం బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకి వెళ్లింది.

"కనక వచ్చి నా పిల్లేదీ అంటే ఏటి సెప్తావు?" అని మంగరాజు అడిగాడు.

'నా పిల్ల' అనే మాట చుట్టూనే ఈ రెండు నెలల గొడవలన్నీ. సుక్రి నాలుగు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు కనక కూడా మొగుడి వెంట రొయ్యల కంపెనీకి పోయింది. పిల్లతో వస్తే పనిలోకి రానివ్వమన్నారట. అప్పటినుంచి సుక్రికి మాధవి చంకే ఊయల. కనక తిరిగొచ్చి రెండు నెలలైనా ఆ పిల్ల ఆమె చంకకి ఎక్కలేదు. మాధవికి పిల్లల్లేరు.

"నాను లోపలికెల్లి అడుగుతాను. అంతవరకు ఎవులూ ఆ తలుపు ముట్టుకోకండి."

"బేగి అడుగు," అన్నాడు మంగరాజు. అతని వెనక ఒకడి చేతిలో గునపం ఉంది.

*

వంటింట్లోంచి ఆ గదికి ఇంకో తలుపుంది. మాధవి దాన్ని తోసుకుని వెళ్లింది. ప్రసన్న మంచానికీ గోడకీ మధ్య నేల మీద కూర్చుని, లాప్‌టాప్‌ని గుండెకి హత్తుకుని ఉంది. పిల్లల మనసు గురించి పరిశోధన చేస్తూ విశాఖ యూనివర్సిటీ నుంచి వచ్చిన అమ్మాయి. వచ్చినప్పటినుంచీ వీళ్లతోపాటే చోడి అంబలి తాగింది.

మాధవి ముందు మంచం కిందకి చూసింది. చూసినందుకు సిగ్గుపడింది.

ప్రసన్న అది గమనించింది. "నేను తియ్యలేదక్కా."

"తెలుసు."

"తెలిస్తే కిందకెందుకు చూశావు?"

బయట ఎవరో అరచేత్తో తలుపు మీద చరిచారు. ప్రసన్న ఉలిక్కిపడింది.

"వీడియో చూపించేస్తాను," అంది. "సుక్రిదే చూపిస్తాను. చూస్తే వాళ్లకే తెలుస్తుంది, నేను పిల్లల్ని ఏం చేశానో." మూత తెరవబోయి ఆగిపోయింది. "కానీ చూపించకూడదక్కా. ఊరంతా చూస్తే కనక తలెత్తుకోలేదు."

"అందులో ఏటుంది?"

"కనకే అడిగింది, నిన్న. పొయ్యి దగ్గర అందరం మాట్లాడుకున్నాక, నువ్వు సుక్రిని పడుకోబెడుతుంటే వచ్చి చూపించమంది. చూపించాను. చూపించాల్సింది కాదు."

నిన్నటి ఆ మాటలన్నీ మాధవికి ఒక్కసారి గుర్తొచ్చాయి.

*

నిన్న సాయంత్రం వాన పడుతోంది. ముగ్గురూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. సుక్రి మాధవి ఒళ్లో ఉంది. మొదలుపెట్టింది కనకే.

"మేడం, ఈ ఆట ఎవులు కనిపెట్టినారు? తల్లి బయటికెల్లాల, మళ్లీ రావాల. ఇదేటి సదువు?"

ప్రసన్న నవ్వి చెప్పడం మొదలుపెట్టింది. ఒకప్పుడు పెద్ద చదువులు చదివినవాళ్లే పిల్లల్ని ముద్దు చేస్తే చెడిపోతారని రాసేవారట. పసివాళ్లకి తల్లి మీద ప్రేమ పాల వల్లే పుడుతుందని, కడుపు నింపేవాళ్లు ఎవరైనా ఒకటేనని అనుకునేవారట. లండన్‌లో ఒక డాక్టరు దొంగతనాలు మరిగిన పిల్లల్ని చూశాడు. వాళ్లలో మరీ మొండిబారినవాళ్లు చాలామంది పసితనంలో తల్లికి ఎక్కువ కాలం దూరమైనవాళ్లు.

"తరవాత ఆ డాక్టరుతో పనిచేసే ఒకాయన ఆసుపత్రిలో రెండేళ్ల పాపని కెమెరాతో తీశాడు. ఆ రోజుల్లో వార్డులో తల్లుల్ని ఉండనిచ్చేవాళ్లు కాదు. ఆ పాప పెద్దగా ఏడవను కూడా లేదట. బొమ్మని పట్టుకుని ఓర్చుకుంది. అలాంటి పిల్లల్ని చూసి నర్సులు, మంచి పిల్ల, అలవాటు పడిపోయింది అనేవాళ్లు. తల్లి చూడ్డానికి వచ్చేసరికి మొహం తిప్పేసుకుంది."

"తిప్పేసుకుందా," అంది కనక మెల్లగా.

"ఆ ఫిల్ము చూసి కొందరు డాక్టర్లకి కోపం వచ్చిందట. మా ఆసుపత్రుల్లో ఇలా ఉండదన్నారట. తల్లుల్ని లోపలికి రానివ్వడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ డాక్టరు దగ్గరే కొన్నాళ్లు పనిచేసిన ఒకావిడ తరవాత ఆఫ్రికా వెళ్లింది. అవీ మనలాంటి ఊళ్లే. కాఫీ పండిస్తారు. ఇంటింటికీ వెళ్లి కూర్చుని, పిల్లలు ఎవరి వెంట పాకుతున్నారో, ఎవరు లేచి వెళ్తే ఏడుస్తున్నారో చూసింది. ఈ ఆట ఆవిడ తయారుచేసిందే."

"పాలిచ్చిన తల్లి ఎనకాలే గదా పాకుతారు."

ప్రసన్న ఆలోచించకుండా చెప్పేసింది. అమెరికాలో కోతిపిల్లల్ని తల్లినుంచి వేరుచేసి రెండు బొమ్మలు పెట్టారట. ఇనపతీగె బొమ్మకి పాలసీసా తగిలించారు. గుడ్డ చుట్టిన బొమ్మకి ఏమీ లేదు. కోతిపిల్ల పాలకి మాత్రం తీగెబొమ్మ దగ్గరికి పోయేది. తక్కిన పొద్దంతా గుడ్డబొమ్మని కరుచుకునే ఉండేది.

కనక పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"నాను నాలుగు నెలలు పాలిచ్చినాను," అంది. "అంటే నాను తీగెబొమ్మనా మేడం?"

"అలా కాదు కనకా..."

ఏదో ఒకటి మాట్లాడాలని మాధవి అడిగింది. "ఆ డాక్టరుని ఎవులు పెంచినారు?"

"వాళ్లు ఉన్నవాళ్లక్కా. తల్లి సాయంత్రం కాసేపు కనిపించేది, అంతే. పెంచింది ఒక ఆయా. అతనికి నాలుగేళ్లు వచ్చేసరికి ఆ ఆయా పని మానేసి వెళ్లిపోయింది. తల్లి పోయినట్టే అయిందని పెద్దయ్యాక చెప్పుకున్నాడట."

ఈ కొండల్లో చాలా ఇళ్లలో ఆయా అంటే అమ్మే. సుక్రి మాధవిని పిలిచేది ఆ మాటతోనే.

"ఆ ఆయా ఏటయింది?"

"తెలీదక్కా. నేను చదివినదాంట్లో అంతవరకే ఉంది."

"పిల్లడి ఏడుపు గురించి ఇంత రాసినారు. ఆవిడ ఏడిసిందో లేదో ఎవులూ అడగనేదా?"

కనక లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది. ఇద్దరిలో ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయింది.

*

గదిలో ప్రసన్న చప్పుడు తగ్గించి ఆ వీడియోని మాధవికి చూపించింది.

అంగన్‌వాడీ గది. కనక చాప మీదనుంచి లేచి బయటికి వెళ్లింది. సుక్రి తలెత్తలేదు. గిన్నెలో గిన్నె పెడుతూనే ఉంది. అంతలో బయట మాధవి ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు వినపడింది. పిల్ల గిన్నె పడేసి తలుపు దగ్గరికి పరిగెత్తి ఏడుపు అందుకుంది. తలుపు తెరుచుకుంది. కనక లోపలికొచ్చి వంగి చేతులు చాపింది. పిల్ల ఆ చేతుల కిందినుంచి దూరి బయటికి పోయింది.

ఆ రోజు దానికి అందరూ నవ్వారు. కనక కూడా నవ్వింది. కానీ తను లేచి వెళ్లినప్పుడు పిల్ల తలైనా ఎత్తలేదని కనకకి అప్పుడు తెలీదు. అప్పుడామె వీపు పిల్ల వైపుంది.

"మళ్లీ మళ్లీ అదే చోట ఆపి చూసింది," అంది ప్రసన్న. "ఒక్క మాట అనలేదు. మూసేసి వెళ్లిపోయింది."

మాధవి దిగ్గున లేచింది. పెరటి తలుపు తీసుకుని బయటికి పరిగెత్తింది. పిల్లనీ అల్లం బుట్టనీ రెండింటినీ మోసుకుని ఎవరూ కొండ దిగలేరు. పాక చుట్టూ చూసింది. పేడకుప్ప పక్కన చూసింది. కట్టెల పేర్పు వెనక, గోనెపట్టా కప్పి, అల్లం బుట్ట నిండుగా అలాగే ఉంది.

కనక సంతకి వెళ్లలేదు. ఎక్కడో మాటున నిలబడి, తను కుళాయికి వెళ్లేదాకా చూసి, పిల్లని ఎత్తుకుపోయింది.

పిల్ల గెడ్డలో లేదు. బతికే ఉంది. మాధవి అక్కడే నేల మీద కూలబడింది. ఊపిరి వచ్చింది. ఆ వెంటనే ఇంకో భయం లోపల మేలుకుంది. ఇక సుక్రి తిరిగి రాదు.

*

"కనకే తీసుకెల్లింది," అంది మాధవి వాకిట్లోకి వచ్చి.

"కన్నతల్లి సొంత పిల్లని దొంగలాగ ఎందుకు తీసుకెల్తాది?" మంగరాజు నమ్మలేదు. "ఆ మేడం నీకేటి నూరిపోసింది?"

ఎందుకో చెప్పాలంటే వీడియోలో ఉన్నది చెప్పాలి. మాధవి పెదవి కొరుక్కుంది. ఆ మౌనం చూసి జనం ఇంకో అడుగు ముందుకి వచ్చారు. గునపం పట్టుకున్నవాడు వసారా ఎక్కాడు.

"ఆగరా," అన్నాడు బుధు.

ముసలాయన అరుగు దిగి ఆ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "నా కోడలు రాత్రి ఎక్కెక్కి ఏడిసింది. నాను ఇన్నాను. అడగనేదు. దీనికెందుకు ఏడుపని ఊరుకున్నాను. మాధవి సెప్పింది నిజం."

"అయితే ఏ దారిన ఎల్లింది? ఎవులైనా సూసినారా?"

మంగరాజు జేబులో ఫోను మోగింది. గ్రూపులో ఏదో వచ్చింది. నొక్కాడు.

అందులోంచి ఏడుపు వచ్చింది. తెర మీద ఏముందో చూడకముందే మాధవికి ఆ ఏడుపు తెలిసిపోయింది. ఊపిరి అందనట్టు మధ్యలో తెగి, మళ్లీ మొదలయ్యే ఏడుపు. "ఆయా... ఆయా..."

మాధవి ఫోను లాక్కుంది. కొండ దిగే ఘాటీ మొదట్లో టీ దుకాణాలు, ఆగి ఉన్న బస్సు, చుట్టూ జనం. మధ్యలో నేల మీద కనక. జడ ఊడిపోయి ఉంది. ఎవరో తీస్తూ చెబుతున్నారు. "సూడండి, పిల్లల్ని ఎత్తుకుపోయే ఆడది దొరికింది. పిల్ల అమ్మకోసం ఏడుత్తాది. దీని దగ్గరికి రాదు. అందరికీ పంపండి."

తలుపు గడియ తీసిన చప్పుడైంది. ప్రసన్న బయటికి వచ్చి మాధవి భుజం మీదుగా ఆ తెర చూసింది.

"కొట్టేస్తారు," అంది. "అక్కా, వాళ్లు కనకని చంపేస్తారు."

మంగరాజు జేబులోంచి తాళాలు తీశాడు. "నా జీపు ఉంది," అన్నాడు. "ఎక్కండి. మేడం, నువ్వు కూడా ఎక్కు."

*

దారిలో అతను ఒక్కసారే నోరు విప్పాడు. "ఆ పిల్లల దొంగల మెసేజీ నానూ పంపినాను. అందరికీ పంపినాను."

మలుపు తిరిగినప్పుడల్లా మాధవి ముందు సీటు కడ్డీని పట్టుకుని కళ్లు మూసుకుంది. రోజూ పొద్దున్నే తను తలదువ్వి జడ వేసిన తోటికోడలి జుట్టు ఎవరి చేతుల్లోనో ఉండటం కనిపించింది. కళ్లు తెరిస్తే పొగమంచు. తెరవకపోతే ఆ జుట్టు.

టీ దుకాణాల దగ్గర బస్సు ఇంకా అక్కడే ఉంది. జనం ఇందాకటికన్నా పెరిగారు. మాధవి జీపు ఆగకముందే దూకింది. జనాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్లి, ఆగిపోయింది.

కనక పెదవి చిట్లి రక్తం గడ్డం దాకా కారింది. ఆమెకి నాలుగడుగుల అవతల ఎవరో ఆవిడ సుక్రిని పట్టుకుని ఉంది. ఒక పెద్దమనిషి తీర్పు చెప్పేవాడిలా మాట్లాడుతున్నాడు.

"చివరిసారి చూద్దాం. పిల్లని కింద దింపండి. నీ పిల్లే అయితే నీ దగ్గరికి రావాలి కదా. పిలువు."

"సుక్రీ," అంది కనక. చేతులు చాపింది. "రామ్మా. నానే. నానే మీ ఆయాని."

పిల్ల నేల మీద నిలబడి బిక్కుబిక్కుమంటూ చుట్టూ చూసింది. ఆ చేతుల్ని చూసింది. ఒకడుగు వెనక్కి వేసింది. అంతలో జనం కాళ్ల మధ్యనుంచి మాధవి చీర అంచు కనిపించింది.

"ఆయా."

పరిగెత్తుకుంటూ వచ్చి మాధవి మోకాళ్లని కరుచుకుంది. మాధవి ఎత్తుకుంది. చేతులు తమంతట తామే ఎత్తుకున్నాయి. పిల్ల మెడలో మొహం దాచుకుని ఏడుపు ఆపేసింది.

"అదిగో, తల్లి వచ్చేసింది," అన్నారెవరో. జనంలో ఒక పెద్ద నిట్టూర్పు లేచింది. "ఇప్పుడు చెప్పవే దొంగముండా." ఒకడు కనక జుట్టు పట్టుకున్నాడు.

మాధవి మాట్లాడక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. పిల్ల తన చంకలో ఉంది. ఇంతమంది సాక్షులు. ఆ ఒక్క క్షణం తను ఎంత సేపు నోరు మెదపకుండా ఉందో మాధవికి తరవాత ఎప్పటికీ తేలలేదు. కనక తలెత్తి ఆమె వైపు చూసింది. బతిమాలలేదు.

"వదులు," అంది. "దాని జుట్టు వదులు. పిల్ల దానిదే. కన్నది అదే."

"మరి నువ్వెవరు?"

"నాను పెద్దమ్మని. ఎత్తుకుని పెంచినాను. అంతే."

"భయపెట్టారా నిన్ను? ఈ దొంగలకి ముఠా ఉంటుంది."

ప్రసన్న ముందుకి వచ్చింది. "నేను యూనివర్సిటీ నుంచి..." అనబోయింది. ఒకడు ఆమె ప్యాంటూ చొక్కా కింద నుంచి మీద దాకా చూశాడు. "మెసేజీలో ఉన్నది ఇలాంటిదే," అన్నాడు. అందరూ అటు తిరిగారు. మంగరాజు ఆమెకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "మా ఊరి మేడం ఈవిడ. ముట్టుకుంటే మర్యాద దక్కదు."

మాధవి ఇక ఎవరితోనూ వాదించలేదు. వెళ్లి కనక పక్కన మట్టిలో కూర్చుంది. సుక్రిని ఒళ్లో పెట్టుకుంది. భుజం భుజానికి తగిలేలా జరిగింది. కొంగుతో కనక గడ్డం మీది రక్తం తుడిచింది.

"ఎందుకొచ్చినావు?" అంది కనక పళ్ల మధ్యనుంచి.

"నోర్ముయ్యి. తల ఇటు తిప్పు."

"నీ కొంగు నాకక్కర్లేదు."

"అక్కర్లేకపోతే నీ కొంగుతో తుడుచుకో. రక్తం సూసి పిల్ల జడుసుకుంటాది."

సుక్రి మాధవి ఒళ్లోంచి కనక మొహాన్ని చూస్తోంది. భయం పూర్తిగా పోలేదు. కానీ వెనక మాధవి పొట్ట ఆనుకుని ఉంది. కాసేపటికి చిన్న వేలు చాపి కనక పెదవి దగ్గర ముట్టుకుంది. "అబ్బు," అంది. దెబ్బ తగిలితే ఆ పిల్ల అనే మాట అది. కనక కదల్లేదు.

బుట్టలో జామకాయలు పెట్టుకుని ఇదంతా చూస్తున్న ఒక ముసలమ్మ చేతులు దులుపుకుని లేచింది.

"ఇది దొంగతనం కాదు," అంది. "తోటికోడళ్ల తగువు. మా ఇంట్లో సూడనేదా ఏటి. ఎల్లండెల్లండి. ఆడమనిసిని రక్తం వచ్చేలాగ కొట్టినారు. సిగ్గులేదు."

పెద్దమనిషి ఏదో అనబోయి మానేశాడు. ఫోన్లు ఒక్కొక్కటే జేబుల్లోకి వెళ్లాయి. కొట్టినవాళ్లు అందరికన్నా ముందే మాయమయ్యారు.

*

"ఎక్కేవాళ్లు ఎక్కండి," కండక్టరు అరిచాడు.

కనక లేచింది. సంచీ వెతుక్కుని భుజాన వేసుకుంది. బస్సు మెట్టు దగ్గర నిలబడి చేతులు చాపింది. ఈసారి పిల్లని పిలవలేదు. మాధవినే చూసింది.

"ఇంటికి పద," అంది మాధవి.

"ఎవులింటికి?"

సుక్రి మొహాన్ని మాధవి మెడలోకి దూర్చింది. ప్రసన్న మెల్లగా దగ్గరికి వచ్చింది. "ఇద్దరూ పక్కన ఉంటే కొత్త చేతులు అలవాటవుతాయక్కా. నెమ్మదిగా. ఒక్కసారిగా లాగేస్తే..." కనక చూపు చూసి తక్కినది మింగేసింది. ఆ నోటినుంచి ఇంకో మాట వినడానికి కనక సిద్ధంగా లేదు.

బస్సు కదలబోతోంది. మాధవి పిల్లతో సహా ఎక్కేసింది. కాళ్లకి చెప్పుల్లేవు. ధర్మ ఇంకా గెడ్డ వెంట పిల్లని వెతుకుతూనే ఉంటాడన్న సంగతి మొదటి మలుపు తిరిగాక గుర్తొచ్చింది. వెనక్కి చూస్తే మంగరాజూ ప్రసన్నా మంచులో కలిసిపోయారు.

బస్సు ఘాటీ దిగుతోంది. ఏడ్చి ఏడ్చి అలిసిన పిల్ల మాధవి ఒళ్లో నిద్రపోయింది. బస్సు ఊగినప్పుడు దాని కాలు జారి కనక తొడ మీద పడింది. కనక ఆ కాలిని చూసింది. ముట్టుకోలేదు. తన కాలు పక్కకి జరపనూ లేదు. ఎండ తగిలే దాకా, చెవుల్లో గాలి మూత పడి తెరుచుకునే దాకా, అలాగే బిగుసుకుని కూర్చుంది.

పల్లంలోకి వచ్చాక, మొదటి ఊరు దగ్గరపడుతుంటే, కిటికీలోంచి బయటికి చూస్తూనే కనక అంది.

"ఎస్.కోటలో దిగిపో అక్కా."

మాధవి ఆమె వైపు తిరిగింది.

"అది నిద్దర్లో ఉండగానే దిగిపో. లెగిసేసరికి నానొక్కదాన్నే ఉండాల. ఇంకెవులూ లేకపోతే నా దగ్గరికే గదా వత్తాది."

"నన్ను ఎతుకుతాది."

"ఎతకనీ. నాలుగు రోజులు ఎతుకుతాది. తరవాత మానేత్తాది."

"మానేత్తాది," అంది మాధవి. "అదే నా భయం."

"నా భయం నీకు తెల్దు." కనక కిటికీ వైపునుంచి ఇటు తిరిగింది. "ఇందాక ఆ మనుసుల మద్దిన నిలబడి అది నన్ను సూసింది సూడు. కొట్టినోళ్లని సూసినట్టే సూసింది. నాకు ఇంక సేతకాదక్కా. నువ్వు పక్కనుంటే అది నన్ను ఎప్పటికీ సూడదు. దిగిపో. నీ కాళ్లు పట్టుకుంటాను."

మాధవి పిల్ల చెమట పట్టిన నుదుటి మీదనుంచి జుట్టు తీసింది. దింపేసి వెళ్లిపోవడం ఎంత సులువో చూసింది. ఒక చేయి తల కింద, ఇంకో చేయి మోకాళ్ల కింద. కనక ఒడి జానెడు దూరం. పిల్లకి తెలియను కూడా తెలియదు.

దుకాణాలు మొదలయ్యాయి. బస్సు నెమ్మదించింది.

"ఎస్.కోట. ఎస్.కోట దిగేవాళ్లు."

మాధవి వంగి పిల్ల చెవి దగ్గర నోరు పెట్టింది.

"సుక్రీ. లెగమ్మా. లెగు తల్లీ."

"లేపకు." కనక ఆమె మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి. "అక్కా, లేపకు."

"సెప్పకుండా ఎల్లను," అంది మాధవి. "ఎల్లినా, ఉన్నా, దానికి సెప్పే సేత్తాను. సుక్రీ."

బస్సు ఆగింది. కండక్టరు తలుపు తీసి వీళ్ల వైపే చూస్తున్నాడు. ఒళ్లో పిల్ల కదిలింది. ముక్కు రుద్దుకుంది. మెల్లగా కళ్లు తెరిచి, ఇంత దగ్గరగా తన మీదికి వంగి ఉన్న రెండు మొహాల్నీ ఒకదాని తరవాత ఒకటి చూసింది.